ఇనుయి చూసిన ఒకే ఒక్క దాత

ఇనుయి గాజుగొట్టాన్ని వేలితో తట్టి, దీపం ముందు వంచి చూశాడు. ఎర్రచుక్క గడ్డకట్టకుండా పొగలా విడిపోయింది. చీటీ మీద రాసుకుని తర్వాతది అందుకున్నాడు. తోకుషిమా ఊళ్లోని ఆ రక్తకేంద్రంలో యంత్రం తేల్చలేనివన్నీ ముప్ఫయ్యెనిమిదేళ్లుగా ఆయన బల్ల మీదికే వస్తాయి. పొట్టి మనిషి, మెడ ముందుకు వంగిపోయింది, కుడి బొటనవేలు కాయకాచింది. ఊళ్లో సగంమంది రక్తం ఆయనకి తెలుసు గానీ ఒక్క దాత మొహమూ ఎరగడు.

ఇవాళ్టితో ఉద్యోగం ఆఖరు. ఇంత పద్ధతైన మనిషి ఎ గ్రూపేనని కేంద్రమంతా నమ్మింది. తీరా ఆయన బి అని నిన్ననే బయటపడింది. రక్తం గ్రూపుని బట్టే గుణమని ఆ దేశంలో నమ్మకం; బి వాళ్లు తిక్క మనుషులని పసిపిల్లలకీ తెలుసు. ఇన్నేళ్లూ మోసం చేశారని పక్క బల్ల నాగిసా పొద్దుటి నుంచీ ఆటపట్టిస్తూనే ఉంది.

మధ్యాహ్నం డాక్టరుగారు కబురంపారు. మియోషి అనే తామరదుంపల రైతు వచ్చాడు. అతనిది ఏబీ గ్రూపు, భార్యది ఓ గ్రూపు. నాలుగేళ్ల కూతురిది కూడా ఓ అని ఈమధ్యే తేలింది. ఏబీ తండ్రికి ఓ గ్రూపు బిడ్డ పుట్టదని బళ్లో చదువుకున్న మనిషి, ఇది ఎవరి బిడ్డ అని భార్యనడిగేశాడు. ఆవిడ పాపని తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయింది. అతను దానమిచ్చిన రక్తంలో తేడా పట్టింది ఇనుయే. డాక్టరుగారి తల తినేసి జన్యుపరీక్షకి పంపించాడు. ఫలితం వచ్చింది. డాక్టరుగారు అరగంట చెప్పినా మియోషికి ఎక్కలేదు.

ఇనుయి మొదటిసారి దాతలు కూర్చునే ముందుగదిలోకి వెళ్లాడు. మియోషి కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నాడు. వేళ్ల సందుల్లో చెరువు బురద ఇంకా ఉంది.

“మీ అమ్మగారిది ఏ గ్రూపండీ?”

“ఏబీ.”

“నాన్నగారిది?”

“ఓ. నేను అచ్చం ఆయన పోలికే. ఈ చెవులతో సహా.”

“అయితే మీ లెక్కన మీ అమ్మగార్ని కూడా పుట్టింటికి పంపాలి. ఓ గ్రూపు తండ్రికి ఏబీ కొడుకూ పుట్టడు.”

మియోషి చెయ్యి చెవి మీదికి పోయింది. ఇనుయి రెండు చేతులూ చాపాడు.

“మామూలు ఏబీ వాళ్లకి ఈ చేతిలో ఎ, ఈ చేతిలో బి. బిడ్డకి ఒక చేతిలోది ఇస్తారు. మీకు రెండూ ఈ చేతిలోనే ఉన్నాయి, అమ్మగారిచ్చినవి. ఇంకోటి ఖాళీ, అది నాన్నగారిది. పాపకి మీరు ఆ ఖాళీ చెయ్యి ఇచ్చారు. ఈ చుట్టుపక్కల మీలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు.”

మియోషి మొహం కప్పుకుని ఏడ్చాడో నవ్వాడో తెలియలేదు. “మా ఆవిణ్ణి ఎంత మాటన్నానో మీకు తెలీదండీ,” అన్నాడు.

“నాకెందుకు? వెళ్లి ఆవిడకి చెప్పుకోండి.”

నడుం విరిగేలా వంగి దణ్ణం పెట్టి పరుగెత్తాడు. ఇనుయికి కడుపు నిండిపోయింది. ఒక్క మొహం చూశాడు, అది చాలనుకున్నాడు. అయిదింటికి చేతులు కడుక్కుని, కోటు మడిచి పెట్టి, నాగిసాకి తలవంచి, వెనక గుమ్మంలోంచి ఇంటికెళ్లిపోయాడు.

ముందుగది కుర్చీలో మియోషి మర్చిపోయిన కాగితం ఉండిపోయింది: విడాకుల దరఖాస్తు, భర్త పేరు పక్కన సంతకానికి బదులు వేసే ఎర్రముద్ర, భార్య ముద్ర పడాల్సిన చోటు ఖాళీ.