వారం గోళి

నీలమ్మ కాళ్ల మీద స్నానం చేయని పిల్లలు ఆ గల్లీలో తక్కువ. ఇబ్రహీంపట్నంలో బస్టాండు వెనక ఏ ఇంట్లో పురుడు జరిగినా ఆమెకే కబురు వచ్చేది. పీట మీద కూర్చుని, కాళ్లు బారజాపి, పసిబిడ్డను వాటి మీద బోర్లా పండబెట్టి నూనె రుద్దితే, ఎంత గుక్కపట్టిన బిడ్డ అయినా కాసేపట్లో మెత్తబడేది.

ఇప్పుడు సొంత కూతురి వంతు వచ్చింది. ఆదిభట్లలో ఉద్యోగం చేసే వైశాలి పెళ్లయిన చాలా ఏళ్లకు కడుపు పండి, ఏడో నెలలో తల్లిగారింటికి వచ్చింది. తీరా ఆ వేళకు నీలమ్మకు పీట మీద కూర్చోవడమే గగనమైంది. మోకాళ్లు, నడుము, భుజాలు, ఎక్కడ నొప్పి అని అడిగితే చెప్పలేదు. ఎక్కడ లేదని అడిగినా చెప్పలేదు. మంచం అంచు నుంచి ప్లాస్టిక్ కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి, అంతే ఆమె తిరుగుడు.

"నీ బిడ్డకు నేనే నీళ్లు పోస్త," అంది వైశాలితో, వచ్చిన రోజే. "గప్పటికి తక్కువైతది."

వైశాలి ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. రక్తపరీక్షలో విటమిన్ డి బాగా తక్కువని తేలింది. ఒంటికి ఎండ చాలకపోతే అట్లా అవుతుందట. ఆ మాట ఇంటికొచ్చి చెబితే తండ్రి సోమయ్య నవ్వాడు.

"బుద్ధెరిగినకాడ్నుంచి నాట్లేసింది మీ అమ్మ. ఆ ఎండంత ఏడికి పోయిందే?"

"నీకు వండిపెట్టిన పొయ్యిల పోయింది," అంది నీలమ్మ.

మందుల షాపతను గోళీల పట్టీ చేతిలో పెడుతూ, "ఇది వారం గోళి. రోజు ఏసుకునేది కాదు, యాదుంచుకో" అని చెప్పాడు. యాదుంచుకోవడం నీలమ్మకు కష్టం కాలేదు. ఆమె వారం సోమవారం. పెళ్లి కాకముందు నుంచీ ఆ రోజు శివుడికి ఒక్కపొద్దు ఉంటుంది. పొద్దంతా ఏమీ ముట్టదు, సాయంత్రం దీపం పెట్టాకే ఇంత అన్నం. వారం గోళి అంటే వారం నాడు వేసుకునే గోళి. దేవుడి రోజున మందు పడటం ఇంకా మంచిదే అనుకుంది. పొద్దున్నే తలస్నానం చేసి, గోళిని కళ్లకద్దుకుని, మంచినీళ్లతో మింగేది.

తెల్లారి పీట ముందు నిలబడి మోకాళ్లు వంచి చూసుకునేది. సగం దాకా వంగి, తలుపు రెక్క పట్టుకుని ఆగిపోయేది. వైశాలి చూడకముందే పీటను గోడకు ఆనించేసేది.

వైశాలికి ఎనిమిదో నెల పడ్డాక ఒకనాడు పక్కింటి సుసన్న వచ్చి కూర్చుంది. నీలమ్మ కంటే పదేళ్లు చిన్న. ఆమెకూ డాక్టరమ్మ అదే గోళి రాసింది.

"నేనైతే ఆదివారం చర్చి నుంచొచ్చి, కూర ముక్కలేసుకుని తిన్నంక మింగుత. నువ్వెప్పుడు ఏసుకుంటవ్ వదినె?"

"మీకు ఆదివారం, మాకు సోమవారం. నా వారం నాడే ఏసుకుంట."

"ఒక్కపొద్దు నాడా? వట్టి కడుపుతోనా?"

"మరి వారం గోళంటే?"

సుసన్న నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. "వారానికొక్కటని వదినె. నెయ్యో నూనెనో ఉన్న తిండి తిన్నంక ఏసుకుంటేనే ఒంటికి మంచిగ పడతదంట. నువ్వు శివయ్యతోని సగం పంచుకున్నవ్."

వేరే రోజైతే నీలమ్మకు కోపం వచ్చేది. ఆ రోజు రాలేదు. గోళి పనిచేయకపోవడానికి కారణం దొరికింది. తప్పు తనది. తనదైతే దిద్దుకోవచ్చు.

అప్పటి నుంచి మంగళవారానికి మార్చింది. మధ్యాహ్నం అన్నంలో నెయ్యి ధారగా పోసుకుని తిని, పైన గ్లాసెడు పాలు తాగి మింగేది. "నాకెన్నడన్న గింత నెయ్యి ఏసినవా?" అని సోమయ్య సణిగేవాడు. పీటను మాత్రం మళ్లీ ముట్టలేదు. మందుకు జర వ్యవధి ఇయ్యాలె అనుకుంది.

నెలలు నిండే ముందు మళ్లీ రక్తపరీక్ష చేయించారు. డాక్టరమ్మ కాగితం చూసి మెచ్చుకుంది.

"మంచిగ పెరిగింది. సరిపోను ఉంది. ఇక నెలకొకటి చాలు."

"మరి నొప్పి, మేడమ్?"

"తగ్గలేదా?"

"అట్లనే ఉన్నది. ఏం మారలే."

డాక్టరమ్మ కాగితం మడిచింది. "తక్కువున్నది నింపినం. అది ఎముకలకు కావాలి. కానీ ఈ వయసు నొప్పులు ఈ గోళితో పోతాయని చెప్పలేనమ్మా. చాలామందికి పోవు. మీ మోకాళ్లు అరిగినయి, నడుము కూడా. కొద్దిగా వ్యాయామం చెప్త, కింద మాత్రం కూర్చోకండి."

"మొదట్ల వట్టి కడుపుతోని ఏసుకున్న మేడమ్. అందుకే గావొచ్చు."

"దానివల్ల కాదు," అంది డాక్టరమ్మ మెల్లగా.

ఆటోలో ఇంటికి వస్తుంటే నీలమ్మకు తప్పు తనదే అయితే బాగుండుననిపించింది. ఇప్పుడు దిద్దుకోవడానికి ఏమీ లేదు.

వైశాలికి ఆడపిల్ల పుట్టింది. బొడ్డు ఊడిన తెల్లారి నీలమ్మ నీళ్లు కాగబెట్టి, బాత్రూంలో పీట వేసింది. వైశాలి బిడ్డను ఎత్తుకొచ్చి పక్కనే నిలబడింది. నీలమ్మ నల్లా పట్టుకుని, పళ్లు బిగబట్టి, కిందికి దిగింది. కాళ్లు జాపింది. బిడ్డను వాటి మీద పండబెట్టుకుని వీపు మీద నూనె చెయ్యి పెట్టింది. అరచేయి కింద చిన్న గుండె కొట్టుకోవడం తెలిసింది. అంతలోనే మోకాలిలో కత్తి దిగినట్టయింది. కాలు దానంతటదే ఎగిరింది. నూనె ఒంటి బిడ్డ పక్కకు జారింది. వైశాలి చేతులు అందుకున్నాయి కాబట్టి సరిపోయింది.

బిడ్డకు ఏమీ కాలేదు. నీలమ్మను లేపడానికి మాత్రం సోమయ్య, వైశాలి ఇద్దరూ కావలసి వచ్చింది.

"రేపు సుసన్నత్తమ్మను పిలుస్త," అంది వైశాలి, తల్లి ముఖం చూడకుండా.

"పిలువు బిడ్డా."

మర్నాడు సుసన్న చీర మోకాళ్ల దాకా ఎగదోసి కూర్చుంది. నీలమ్మ కుర్చీ బాత్రూం తలుపు దగ్గరికి జరుపుకుంది.

"మెడ కింద చెయ్యి పెట్టు. నీళ్లు మాడ మీద ఒక్కసారే పొయ్యకు."

"అట్లనే వదినె."

"చెవులల్ల పోకుండ చూడు."

"చూస్తున్న వదినె."

సుసన్న అన్నీ సరిగ్గానే చేస్తోంది. కాసేపటికి నీలమ్మకు చెప్పడానికి ఏమీ మిగలలేదు. బిడ్డ ఏడుస్తుందేమోనని చూసింది. ఏడవలేదు. గోరువెచ్చని నీళ్లు వీపు మీద పడుతుంటే, సుసన్న కాళ్ల మీదే నిద్రపోయింది.