అంటోన్ వాకిట్లో ఒరిగే వైన్

శనివారం వచ్చిందంటే హెడ్విగ్, లోరెన్జ్ దంపతులు ఇంట్లో పొయ్యి వెలిగించరు. మధ్యాహ్నం ట్రామెక్కి, వియన్నా కొసన స్టామర్స్‌డోర్ఫ్‌లో దిగి, ఏ గుమ్మానికి పైన్ కొమ్మల గుత్తి వేలాడుతోందో చూసుకుంటూ నడుస్తారు. గుత్తి కట్టిన ఇంట్లో ఆ పూట సొంత తోట వైన్ పోస్తారు. ఎన్ని ఇళ్ళు తిరిగినా చివరికి తేలేది అంటోన్ వాకిట్లోనే. అలాంటి తెల్ల వైన్ ఇంకెక్కడా దొరకదని లోరెన్జ్ పట్టు.

ఆ వాకిట్లో ఒక సంగతుంది. ఎవరికి కాలం దగ్గరపడిందో వాళ్ళ వైపుకి గ్లాసుల్లో వైన్ ఒరుగుతుంది. గ్లాసు నిటారుగానే ఉంటుంది, లోపలిది మాత్రం ఏటవాలుగా నిలబడుతుంది. దానికెవరూ గోల చెయ్యరు. పోయినేడు పోస్ట్‌మాన్ వెన్‌ట్సెల్ వైపు ఒరిగితే పక్కవాళ్ళు తమ జున్ను కూడా అతని పళ్ళెంలోకి తోశారు. తృప్తిగా తిన్నాడు, మంగళవారం పోయాడు.

ఆ అక్టోబరు శనివారం హెడ్విగ్ గ్లాసు ఎత్తబోయి ఆగిపోయింది. ఎదురుగా కూర్చున్న మొగుడి వైపు ఒరిగి ఉంది వైన్.

లోరెన్జ్‌తో పాటు ముప్ఫై ఏళ్ళు ఫైరింజన్ల మీద తిరిగిన ఫ్రిడోలిన్ కూడా చూశాడు. పంది కొవ్వు రాసిన రొట్టెల పళ్ళెం లోరెన్జ్ ముందుకు జరిపాడు.

"ఏరా, ఎప్పుడూ లేంది ఈ మర్యాదేమిటి?" అన్నాడు లోరెన్జ్. అప్పుడు తన గ్లాసు చూసుకున్నాడు. "సరే, ఆ ఉల్లిపాయలు కూడా ఇటు తొయ్యి," అన్నాడు.

"నోర్ముయ్," అంది హెడ్విగ్. అతని గుండెకి రెండు స్టెంట్లు వేసి ఏడాది కూడా కాలేదు. "లే. ఇటొచ్చి నా పక్కన కూర్చో."

"ఎక్కడ కూర్చుంటే ఏమిటే? అది వెతుక్కుంటూ వస్తుందిలే."

"లెమ్మన్నానా."

అతను గొణుక్కుంటూ లేచి, బల్ల చుట్టూ తిరిగొచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. హెడ్విగ్ రెప్ప వెయ్యకుండా చూసింది. వైన్ కదల్లేదు. ఖాళీ బెంచీ వైపే ఒరిగి ఉంది.

"చావుక్కూడా వీడు అక్కర్లేదు వదినా," అని ఫ్రిడోలిన్ నవ్వాడు. "ఆ బెంచీకే కాలం తీరినట్టుంది, పాత చెక్క మరి."

హెడ్విగ్‌కి ప్రాణం లేచొచ్చింది. గటగటా రెండు గుక్కలు తాగింది. అప్పుడు కనిపించింది, బెంచీ వెనక నేలమాళిగ తలుపు.

"అంటోన్ ఏడీ, బుర్గీ?"

"పీపాలు చూసొస్తానని కొవ్వొత్తి పట్టుకుని దిగాడక్కా. వచ్చేస్తాడు," అంది అంటోన్ భార్య, గ్లాసులు తుడుస్తూ.

కొత్త రసం పులిసే నెల అది. పీపాల్లోంచి వచ్చే విషపు గాలి నేలబారున పేరుకుంటుంది. కొవ్వొత్తి ఆరిందా, పైకి పరిగెత్తాలి. ఆ సంగతి ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు.

హెడ్విగ్‌కి ఇంకోటి కూడా తెలుసు. ఇప్పుడు తను నోరు తెరిస్తే ముందు దిగేది లోరెన్జే. ఎవరు ఆపినా ఆగడు, ఆ గుండెతో. అంటోన్ మెట్లెక్కుతున్నాడేమో, ఇదిగో వచ్చేస్తాడేమో అనుకుంటూ తాగుతూ కూర్చుంది. ఫ్రిడోలిన్ తన అల్లుడి కారు గురించి చెబుతున్నాడు. గ్లాసు ఖాళీ అయింది. అడుగున మిగిలిన చుక్క కూడా ఆ తలుపు వైపే పాకింది.

"లోరెన్జ్," అంది, "మాళిగలో అంటోన్."

అతను నడుముకి తాడు కట్టించుకుని, ఊపిరి బిగబట్టి దిగాడు. ఫ్రిడోలిన్ తాడు పట్టుకున్నాడు. బుర్గి ఏడుస్తూ గాలి కన్నాల మూతలన్నీ పీకేసింది. హెడ్విగ్ మాత్రం మొగుడి గ్లాసు రెండు చేతులా పట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయింది. వైన్ ఇంకా ఒరిగే ఉంది. ఇప్పుడు కింద ఇద్దరున్నారు. ఎవరి కోసమో తెలీదు.

చివరికి వైన్ సమంగా నిలబడింది. ఆమె తలెత్తేసరికి లోరెన్జ్ మోకాళ్ళ మీద కూర్చుని దగ్గుతున్నాడు, ఫ్రిడోలిన్ అంటోన్ నోట్లోకి గాలి ఊదుతున్నాడు.

అంటోన్ బతికాడు. రెండు నిమిషాల ముందు పైకి తెచ్చుంటే మనిషి మునుపటిలా ఉండేవాడని డాక్టరు అన్నాడట. ఆ మాట చెప్పి, బుర్గి హెడ్విగ్ చేతులు ముద్దుపెట్టుకుంది. "నువ్వు చూడబట్టి దక్కాడక్కా."

ఇప్పుడు శనివారాలు అంటోన్ దుప్పటి కప్పుకుని వాకిట్లో కూర్చుంటాడు. వాళ్ళు లోపలికి రాగానే, "ఎవరమ్మా మీరు? ఎప్పుడూ చూళ్ళేదే?" అని నవ్వుతాడు. హెడ్విగ్ పేరు చెబుతుంది. ఒకరోజు బుర్గి అటు వెళ్ళాక, ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా తను నోరు విప్పని సంగతి కూడా చెప్పేసింది.

అంటోన్ శ్రద్ధగా విన్నాడు. "పోనీలేమ్మా," అన్నాడు. "మీ ఆయన బతికున్నాడు కదా."

హెడ్విగ్ ఆ రాత్రి కంటినిండా నిద్రపోయింది. వారం తిరిగి వెళ్తే, "ఎవరమ్మా మీరు?" అన్నాడు. ఆమె అతని పక్కన కూర్చుని, మళ్ళీ మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.