ఒక్క డికాక్షన్

మామయ్యగారికి పంచదార లేకుండా, అత్తయ్యగారికి పాలు ఎక్కువగా, ఆయనకి నల్లగా మరిగించి. మూడు గిన్నెల్లో మూడు టీలు కాచి ఎవరిది వాళ్ళకి అందించి వచ్చేసరికి నాది చల్లారి, పైన తరక కట్టి ఉంటుంది. నాకెలాంటి టీ ఇష్టమో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగినా తడుముకునేదాన్నేమో.

"సోమవారం అక్కావాళ్ళు వస్తున్నారు. వారం సెలవు పెట్టెయ్," అన్నారు ఆయన, పేపర్లోంచి తలెత్తకుండా.

"కొత్త మెషీన్ వచ్చిందండీ. మా ప్రోగ్రాం దానిమీద నడిపించే పని నాదే."

"ఎవరో రాసిందేగా! దానికి తగ్గట్టు సర్దడానికి నువ్వే ఉండాలా?"

అత్తయ్యగారు అందుకున్నారు. "ఏ ఇంటికెళ్తే ఆ ఇంటికి సర్దుకుపోవడం మాకెవరు నేర్పార్రా? దానికి జీతం కూడానా, విడ్డూరం!"

మా ఆఫీసులో వర్క్‌స్టేషన్ కంప్యూటర్లు తలా ఒక కంపెనీవి. అన్నిటినీ లోపలినుంచి నడిపించే వ్యవస్థ యూనిక్సే అంటారు. ఇంటిపేరు ఒకటే అయిన తోడికోడళ్ళు. పొయ్యి మాత్రం ఎవరిది వాళ్ళదే. ఒకటి సంఖ్యను తలవైపు నుంచి దాచుకుంటుంది, ఇంకొకటి తోకవైపు నుంచి. ఒకదానిలో దాచిన పన్నెండుని రెండోది ఇరవై కోట్లని చదువుతుంది. నాకంటే ముందు ఈ పని చేసినాయన 'ఈ మెషీన్ అయితే ఇలా, ఆ మెషీన్ అయితే అలా' అని పుట పుటకీ షరతులు ఇరికించాడు. ఇప్పుడు అందులో లెక్క చేసే వాక్యమేదో, మెషీన్‌ని బుజ్జగించే వాక్యమేదో పోల్చుకోలేం. నేను వాటిని ఏరి, ఏ మెషీన్ గొడవ ఆ మెషీన్ ఫైల్లోకి విడిగా తోసేస్తున్నాను. నడుమనున్న ప్రోగ్రాం ఇక ఎవరికోసమూ మారదు. పని సగమైంది.

సెలవు మాటెత్తగానే మా మేనేజర్ తేలిగ్గా నవ్వాడు. "వెళ్ళు తల్లీ. పాతాయన్ని పిలుస్తా. నువ్వు పీకినవన్నీ మళ్ళీ పెట్టి, ఇంకో నాలుగు ఇరికించి నడిపించేస్తాడు."

సీటుకొచ్చి మళ్ళీ ఏరడం మొదలుపెట్టాను. కాసేపటికి చెయ్యి ఆగిపోయింది. మామయ్యగారు హాల్లో ఉంటే మెల్లగా నడువు. ఆయన విసుగ్గా ఉంటే పాట ఆపు. అత్తయ్యగారు వింటుంటే అమ్మ ఫోన్ పెట్టెయ్. నాలోనూ పుట పుటకీ షరతులే. వాటి నడుమ నేనెక్కడున్నానని వెతికాను. చాలాసేపటికి ఒక చిన్న ముక్క దొరికింది: నాకు టీలో అల్లం దంచి వేస్తే ఇష్టం.

సెలవు చీటీ రాయలేదు.

సోమవారం పొద్దున ఒక్క గిన్నెలో డికాక్షన్ కాచి ఫ్లాస్కులో పోశాను. పాలు, పంచదార, చెంచాలు పక్కన పెట్టాను. దంచిన అల్లం నా గ్లాసులో వేసుకుని, కూర్చుని, పొగలు కక్కుతుండగానే తాగాను.

ఆయన బల్లవైపూ, నా భుజాన బ్యాగువైపూ చూశారు. "ఇదేంటి? మా టీలేవి?"

"డికాక్షన్ అందరికీ ఒకటేనండీ. ఎవరి రుచి వాళ్ళు కలుపుకోవాలి."

"ఏమ్మా," అన్నారు అత్తయ్యగారు, "వచ్చే ఆడపడుచు కోసం ఒక్క వారం సర్దుకోలేవా?"

నేను చెప్పులేసుకున్నాను.

"సర్దే పని ఆఫీసులో చేస్తున్నాను కదండీ అత్తయ్యా. అక్కడ జీతమిస్తారు."