చీటీ లేని కన్ను

హుస్సేనీ ఆలంలో మా కుట్టు దుకాణానికి ఒక నియమం ఉండేది. వచ్చిన ప్రతి గుడ్డకూ మనిషి పేరు రాసిన చీటీ గుచ్చాలి. షేర్వానీ కుట్టగా మిగిలిన ముక్క కూడా ఆ పేరుగల మనిషికే తిరిగిపోవాలి. కత్తెర మా ఆయన వైకుంఠానిది, చేతికాజాలు నావి.

నా కుడికంటికి దగ్గరివి మసక, ఎడమకంటికి దూరానివి. అద్దాలు పెడితే తలనొప్పి. ఎడమకంటితో కుట్టు ఎలాగో సాగేది కానీ, ఒంటికంటితో సూదిలో దారం ఎక్కదు. కొస బెజ్జానికి ఇవతలో అవతలో పోతుంది. అందుకని పొద్దున్నే వైకుంఠం ఇరవై సూదులకు దారం ఎక్కించి చిన్న దిండుకు గుచ్చేవాడు. నేను చూడకుండా చెయ్యి వెనక్కి చాస్తే సూది అందించేవాడు.

"ఇరవై ఏండ్లకెల్లి నాకు గిదే నౌకరీ," అనేవాడు.

"జీతం అడుగుతున్నవా ఏంది?" అనేదాన్ని.

రెండేళ్ల కిందట గుండె ఆగి పోయాడు. కళ్లు దానమిస్తానని ముందే రాసిచ్చాడు కాబట్టి ఆసుపత్రివాళ్లు వచ్చి తీసుకెళ్లి, నా చేతిలో ఒక రసీదు కాగితం పెట్టారు. దాన్ని బీరువాలో దాచాను. దిండుకు ఆయన ఎక్కించిన సూదులు మూడు మిగిలాయి, వాటిని ముట్టలేదు. పక్కింటి జాహెదా వచ్చి దారం ఎక్కించి పెట్టేది. మరీ పొడుగ్గా వదులుతుందని ఆమె మీద విసుక్కునేదాన్ని. పాపం, తప్పు ఆమెది కాదు.

ఈ ఏడాది కంటి డాక్టరు సుమయ్య కొత్త ఆపరేషన్ సంగతి చెప్పింది. "ఎడమ నల్లగుడ్డు పొరలకెల్లి లేజర్‌తోని పల్చటి ముక్క తీస్తం. దూరం మసక పోతది. గదే ముక్కను కుడికంట్ల పెడితే దగ్గరిచూపు వస్తది. లేకుంటే దాత ఇచ్చిన పొర పెట్టొచ్చు."

మర్నాడే బీరువాలోని కాగితం పట్టుకెళ్లాను, చీటీ తెచ్చి గుడ్డ అడిగే గిరాకీలా.

"గిది మా ఆయనది. ఆయనదే నాకు పెట్టుండ్రి."

సుమయ్య ఆ కాగితం చదివి నా చేతికే తిరిగిచ్చింది. "అమ్మా, పేరు రాసి దాచరు. ఆయన కండ్లు గప్పుడే ఎవరికో పెట్టి ఉంటరు. ఎవరికో చెప్పరు."

"మిగిలిన ముక్కన్న ఉండదా?"

"ఉండదమ్మా."

ఇంత పెద్ద ఆసుపత్రి కంటే మా దుకాణమే నయమనిపించింది. "అయితే ఎవరిదైనా సరే, దాతదే పెట్టుండ్రి," అన్నాను. ఎవరో ఒకరి మనిషైనా నాలో ఉండాలనిపించింది.

"మీది పెట్టినా దాతది పెట్టినా చూపు ఇంచుమించు ఒక్కతీర్గనే వస్తదంటున్నరు. కానీ పరాయిదాన్ని ఒళ్లు ఒప్పుకోకపోతే మళ్ల తియ్యాలె. మీదైతే ఆ ఫికర్ తక్కువ. ఒక్క ముక్కతోని రెండు కండ్లు బాగైతయ్."

సొంత గుడ్డ ఉండగా పరాయి గుడ్డతో అతుకు వేసే దర్జీ ఉండడు. ఒప్పుకున్నాను.

ఆపరేషన్ అయిన రెండు నెలలకు చూపు కుదిరింది. జాహెదా ఎదుటే సూది పట్టుకున్నాను. దారం ఒక్కసారికే ఎక్కింది.

"ఇగ నీకు ఎవ్వరి జరూరత్ లేదు, ఆండాలూ," అంది సంబరంగా.

ఆమె వెళ్లాక తలుపేసుకుని ఏడ్చాను. ఇన్నాళ్లూ వైకుంఠం కావాలనడానికి ఒక పని ఉండేది. అదీ పోయింది. ఇప్పుడు ఏ పనికీ కాదు, ఉత్త వైకుంఠమే కావాలి.

ఇవాళ పొద్దున ఇరవై సూదులకూ నేనే దారం ఎక్కించి, ఆ మూడింటి పక్కన గుచ్చాను. గుడ్డ ఒళ్లో పరుచుకుని, చెయ్యి వెనక్కి చాచాను.