ఏసురత్నం బాగుచేసిన పాట

బాగా పనిచేస్తున్న వస్తువు ఏసురత్నం కంటపడకూడదని వాళ్ళావిడ ఆలిస్ అంటూ ఉండేది. చెడిపోయినదాన్ని బాగుచేసేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఈయనగారికి మాత్రం శుభ్రంగా పాడుతున్నదాన్ని విప్పి, ఇంకా శుభ్రంగా పాడించాలని దురద. పగలంతా రైల్వే ఆఫీసులో ఫైళ్ళు. సాయంత్రమయ్యేసరికి నేరేడ్‌మెట్‌లో వాళ్ళ రెండుగదుల వాటాలో, భోజనాల బల్లమీద ఎవరిదో ఒకరి ఆంప్లిఫైయర్ పొట్ట తెరుచుకుని ఉండేది. కోఠీలో స్పేర్ పార్టులమ్మే జంగయ్య ఇతన్ని చూడగానే, "ఏందన్నా, ఇయ్యాల ఎవరి డబ్బా దొరికింది?" అని నవ్వేవాడు. చర్చికొచ్చేవాళ్ళలో సగం ఇళ్ళ డబ్బాలకి ఇతని చెయ్యి తగిలింది. నిజం చెప్పొద్దూ, పని తెలిసినవాడే. కాకపోతే ఆ సంగతి నలుగురికీ తెలియకపోతే అన్నం సహించదు.

నోవహు మాస్టారి ఆంప్లిఫైయర్ మీద అతని కన్ను పడి చాలాకాలమైంది. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు, ఆయన భార్య జ్ఞానమణిగారు కూడా టీచరుగా చేసిందే. కాకినాడ వైపునుంచి వచ్చి తిరుమలగిరిలో స్థిరపడి నలభై ఏళ్ళయింది. ఏసురత్నానికి సండే స్కూల్లో బైబిలు వాక్యం నేర్పింది ఈ మాస్టారే. వాళ్ళ ముందుగదిలో ఒక టేప్ డెక్కు, దాని పక్కన డిక్షనరీ అంత ఆంప్లిఫైయర్, అటొకటి ఇటొకటి స్పీకర్లు ఉండేవి. స్పీకర్లు పాడటం తక్కువ. రోజూ సాయంత్రం ఐదింటికి జ్ఞానమణిగారు ఆ ఆంప్లిఫైయర్‌కి పెట్టిన హెడ్‌ఫోన్ తగిలించుకుని ఒకే ఒక్క క్యాసెట్ వినేది. అది డెబ్భై తొమ్మిదో సంవత్సరం క్రిస్మస్ ఆరాధన. అందులో వాళ్ళ ఒక్కగానొక్క కూతురు మేబెల్ పాడిన పాట ఉంది. మూడేళ్ళ తర్వాత ఆ పిల్ల పచ్చకామెర్లతో పోయింది, ఇరవై ఏళ్ళు నిండకుండానే. ఆ గొంతు ఈ క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు.

"ఒక్కసారి నా చేతికివ్వండి మాస్టారూ. మేబెల్ అక్క మీ ఎదురుగా నిలబడి పాడినట్టుంటుంది," అని ఏసురత్నం ఏడాదిపాటు వెంటపడ్డాడు.

"ఇప్పుడు బాగానే ఉంది కదా నాయనా," అని ఆయన తప్పించుకునేవారు.

చివరికి జ్ఞానమణిగారే, "అంత ప్రేమగా అడుగుతున్నాడు, ఇవ్వండి," అంది. ఇచ్చేటప్పుడు మాస్టారు గేటుదాకా వచ్చి, ఆవిడ లోపలుందని చూసుకుని, "లోపలేమైనా తేడాగా కనిపిస్తే కదపకు, అలాగే ఉండనీ," అన్నారు. ఏసురత్నం అలాగేనని తల ఊపాడు. తల ఊపినంతమాత్రాన విన్నట్టు కాదని అతనికి తర్వాతగానీ తెలిసిరాలేదు.

పదిహేను రోజులు దానికి సేవ చేశాడు. ఎండిపోయిన కెపాసిటర్లన్నీ తీసి మంచివి వేశాడు. గరగరలాడే వాల్యూమ్ కంట్రోల్ మార్చాడు. ఎప్పుడూ సన్నగా వచ్చే గుయ్యిమనే చప్పుడు పోవడానికి ట్రాన్స్‌ఫార్మర్‌ని పక్కకి జరిపి కొత్తగా బిగించాడు. ఆ పనిలో ఉండగానే కనిపించింది, సిగ్నల్ లోపలికొచ్చే చోట, ఎడమ చానెల్‌నీ కుడి చానెల్‌నీ కలిపేస్తూ ఒక తీగముక్క. రెండు కొసలా చింతగింజంత సీసం ముద్దలు. పైన దెబ్బలకి అంటించే ప్లాస్టర్ చుట్టి ఉంది.

"ఆలిస్, ఇలా రా. ఈ ఘనకార్యం చూడు," అని పిలిచి కడుపుబ్బా నవ్వాడు.

ఆలిస్ వంగి చూసింది. "ఎవరో కావాలనే పెట్టినట్టుందండీ. అడిగి తియ్యకూడదూ?"

"ఇందులో అడగడానికేముంది? స్టీరియోని ఇలా కలిపేస్తే ఇక స్టీరియో ఎందుకు?" అని అతను తీగని పీకేశాడు. పీకినదాన్ని పారెయ్యలేదు, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పదిమందికీ చూపించాలి కదా మరి.

ఆ శుక్రవారం ప్రార్థన కూడిక మాస్టారింట్లోనే జరిగింది. ఇరవైమంది దాకా వచ్చారు. ప్రార్థన అయి, టీలు వచ్చాక ఏసురత్నం లేచి క్యాసెట్ పెట్టాడు. మన చర్చిలో మగవాళ్ళు ఎడమపక్కా ఆడవాళ్ళు కుడిపక్కా కూర్చుంటారు కదా, ఆ రోజు రికార్డు చేసినాయన రెండు పక్కలా రెండు మైకులు పెట్టాడు. మేబెల్ ఆడవాళ్ళలోంచి ఒక చరణం ఎత్తుకుంటుంది. మగవాళ్ళలోంచి వాళ్ళ నాన్న నోవహు మాస్టారు జవాబు పాడతారు. ఆఖరి చరణం తండ్రీ కూతుళ్ళిద్దరూ కలిసి పాడతారు. నిజంగానే గదిలో గాలి మారిపోయింది. కుడిపక్కనుంచి ఆ పిల్ల గొంతు, ఎడమపక్కనుంచి నడివయసు మాస్టారి గొంతు. ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు.

అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. "ఇన్నాళ్ళూ మీరు విన్నది ఇది కాదు," అన్నాడు ఏసురత్నం. "ఎవరో మహానుభావుడు ఆడా మగా తేడా లేకుండా చర్చినంతా ఒకే బెంచీ మీద కుక్కేశాడు. ఇదిగో, ఆయన చేతిపని." తీగముక్కని టీ సాసర్లో పెట్టి చుట్టూ తిప్పాడు. "ప్లాస్టర్ చూశారా? జబ్బు ఆంప్లిఫైయర్‌కా, మెకానిక్‌కా?"

అందరూ పగలబడి నవ్వారు. సాసర్ మాస్టారి దగ్గరికొచ్చింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని చూసి, తనూ నవ్వి, "పాతకాలం మెకానిక్ ఎవడో అయ్యుంటాడు," అని పక్కాయనకి అందించారు.

తర్వాత దేవుడు చేసిన మేలు గురించి ఒక్కొక్కరూ సాక్ష్యాలు చెప్పేటప్పుడు జ్ఞానమణిగారు లేచి నిలబడింది. ఏసురత్నం చేతివేళ్ళకి అంత నేర్పు ఇచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పింది. అతను తలవంచుకున్నాడు గానీ చెవులు ఎర్రబడేంత సంతోషం. సాసర్లో తీగ అరటిపండు తొక్కలతోపాటు చెత్తబుట్టలోకి పోయింది.

ఐదు వారాల తర్వాత ఒక శనివారం మధ్యాహ్నం మాస్టారు నేరేడ్‌మెట్ వచ్చారు. బస్సు దిగి ఎండలో నడిచి, రెండంతస్తుల మెట్లెక్కి, గుమ్మంలో ఆయాసపడుతూ నిలబడ్డారు. ఆలిస్ కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు పట్టుకున్న ఆయన చెయ్యి వణుకుతోంది.

"ఆ రోజు తీసిన తీగముక్క ఉందా నాయనా?" అన్నారు.

"ఏ తీగండీ?"

"అదే, ప్లాస్టర్ చుట్టింది."

ఏసురత్నానికి మళ్ళీ నవ్వొచ్చింది. ఆయన మొహం చూసి ఆపుకున్నాడు. "అది పోయింది మాస్టారూ. దాంతో మీకేం పని?"

మాస్టారు గ్లాసు కింద పెట్టారు. "దాన్ని పెట్టింది నేనే," అన్నారు, ఏదో పొరపాటు ఒప్పుకుంటున్నట్టు. "మీ ఆంటీకి కుడిచెవి వినపడదు. చిన్నప్పుడు గవదబిళ్ళలొచ్చి పోయింది. చెవిటి టీచరంటారని ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఆ దాచుకోవడమే అలవాటైపోయింది. ఇప్పుడు ఎడమచెవి కూడా మందగించింది, అందుకే హెడ్‌ఫోన్. ఆ ఒక్క చెవిలోకే అందరూ రావాలని ఏదో పుస్తకం చూసి కలిపాను. ఆ పని నాకు రాదు. వేలు కాల్చుకున్నాను. వేలికి చుట్టుకోగా మిగిలిన ప్లాస్టర్ దానికీ చుట్టాను."

వంటగది గుమ్మంలో ఆలిస్ కదలకుండా నిలబడిపోయింది.

"మరి ఇప్పుడు?" అన్నాడు ఏసురత్నం.

"ఇప్పుడు తిప్పి తిప్పి పెట్టుకుంటోంది. పిల్ల చరణం వచ్చినప్పుడు కుడివైపుది ఎడమచెవికి వచ్చేలా హెడ్‌ఫోన్ తిప్పుకుంటుంది. నా జవాబు వచ్చేసరికి మళ్ళీ మామూలుగా పెట్టుకుంటుంది. ఆఖరి చరణం ఇద్దరం కలిసి పాడతాం చూడు, అక్కడ ఎవర్ని ఉంచుకోవాలో తెలియక తీసి ఒళ్ళో పెట్టేసుకుంటుంది. రోజూ చూస్తూనే ఉన్నాను. మళ్ళీ నేనే కలుపుదామని మూత విప్పాను కూడా. చెయ్యి నిలవడం లేదు."

సిగ్గుతో ఏసురత్నం తలెత్తలేకపోయాడు. వద్దన్నా ఆ సాసరే కళ్ళముందు తిరుగుతోంది. కూడిక మొత్తాన్నీ నవ్వించాడు, మాస్టారి చేత కూడా నవ్వించాడు. వేలు కాల్చుకుని చేసిన పనిని ఆయన చేతికే ఇచ్చి మరీ నవ్వించాడు. "కదపకు అని చెప్పారు కదా మీరు," అన్నాడు నేలకేసి చూస్తూ.

"చెప్పాను గానీ ఎందుకో చెప్పలేదుగా. నీ తప్పేముంది?"

ఆ మాటకి బదులు చెంప పగలగొట్టినా బాగుండుననిపించింది అతనికి. "మంగళవారం ఆడవాళ్ళ కూడికకి ఆంటీ వెళ్తారు కదా, అప్పుడొచ్చి కలిపేస్తాను. ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి," అన్నాడు. మాస్టారు సరేనన్నారు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చాక ఆలిస్ అడిగింది. "ఆవిడకి ఎందుకు తెలియకూడదట?"

ఇంతా జరిగాక కూడా, ఆవిడ సాక్ష్యంలో చెప్పిన ఏసురత్నంగానే మిగిలిపోవాలని ఉంది అతనికి. ఆ సంగతి తనకి తెలుసు, ఆలిస్‌కీ తెలుసు.

మంగళవారం సగం రోజు సెలవు పెట్టి మూడింటికల్లా తిరుమలగిరి చేరాడు. రెండు చానెళ్ళూ కావాలంటే విడిగా, వద్దంటే కలిపి వినేలా ఒక స్విచ్ పెడదామని దారిలో అనుకున్నాడు. మూత తీశాక ఆ తెలివి కూడా అసహ్యమనిపించింది. ఉన్నచోటే, ఉన్నట్టే ఒక తీగ కలిపాడు. మాస్టారు పక్కన నిలబడి టార్చిలైటు పట్టుకున్నారు. వెలుతురు వణుకుతుంటే, "కొంచెం స్థిరంగా," అనబోయి నోరు మూసుకున్నాడు.

ఆఖరి స్క్రూ బిగిస్తుండగా గేటు చప్పుడైంది. కూడిక తొందరగా అయిపోయినట్టుంది. ఏసురత్నం ఇంకా వేడి తగ్గని సోల్డరింగ్ ఐరన్ చేతపట్టుకుని, దొంగలాగా నడిమింటి తెరవెనక్కి జారుకున్నాడు. మాస్టారు అటు ఒకసారి చూసి, వాలుకుర్చీలో కూర్చున్నారు.

జ్ఞానమణిగారు బైబిలు బల్లమీద పెట్టింది. కాళ్ళు కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్ తగిలించుకుంది. టేపు తిరగడం మొదలైంది. ముందుగానే తిప్పి పెట్టుకోవడానికి ఆమె చేతులు పైకి లేచాయి. సగంలో ఆగిపోయాయి. అలాగే, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని వింది. కాసేపటికి మెల్లిగా దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏవండీ," అంది. చెవులు మూసుకున్నవాళ్ళు మాట్లాడినట్టు గట్టిగా, వీధిలోకి వినపడేలా. "మీరే చేశారు కదూ? ఇద్దరూ వస్తున్నారు."

మాస్టారు వాలుకుర్చీలో కాస్త ముందుకి జరిగారు.

"ఏసురత్నానికి మాత్రం చెప్పకండి. పదిహేను రోజులు ఆఫీసునుంచి వచ్చి కష్టపడ్డాడు పాపం. చిన్నబుచ్చుకుంటాడు. ఈసారి వచ్చినప్పుడు అతను చేసిందే బాగుందని చెప్తాలెండి."

తెరవెనక ఏసురత్నం ఆ మాటలన్నీ విన్నాడు. అరవై ఏళ్ళు దాటిన మనిషి తనకోసం ఐదు వారాలు ఆ హెడ్‌ఫోన్ తిప్పుకుంటూ కూర్చుంది. ఇకముందు తనకోసం అబద్ధం కూడా ఆడబోతోంది. తనేమో ఆవిడింట్లోనే ఆవిడకి కనపడకుండా దాక్కున్నాడు. ఇంతకంటే తక్కువ మనిషి ఉంటాడా అనిపించింది. తెర తీసుకుని బయటికొచ్చాడు.

నడిమింటి గుమ్మం ఆమె కుర్చీకి కుడిపక్కన. అక్కడే నిలబడి చెప్పేశాడు. "ఆంటీ, దాన్ని పాడుచేసింది నేను. మాస్టారు కదపొద్దని చెప్పినా వినలేదు. ఆయన చేసినదాన్ని సాసర్లో పెట్టి అందరి చేతా నవ్వించాను. ఇవాళ కూడా మీకు తెలియకుండా వెళ్ళిపోదామని వచ్చాను. నన్ను క్షమించండి."

ఆమె కదల్లేదు. కళ్ళు మూసుకుని ఉంది. మేబెల్ చరణానికి పెదవులు ఆడిస్తోంది. ఒక్క మాట కూడా ఆమె చెవిన పడలేదు.

చెప్పడమైతే చెప్పేశాడు. మాస్టారు విన్నారు. వీధి తలుపు తీసే ఉంది. వెళ్ళిపో అని ఒళ్ళంతా పీకింది. మాస్టారు అతనివైపు చూడకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నారు. వెళ్ళినా ఆయనేమీ అనరు.

ఏసురత్నం ఐరన్‌ని స్టాండులో పెట్టాడు. కుర్చీ వెనకనుంచి తిరిగి ఎడమపక్కకి వచ్చి, నేలమీద కూర్చున్నాడు. ఆఖరి చరణం నడుస్తున్నట్టుంది, ఆమె మొహం చూస్తే తెలుస్తోంది. అది పూర్తయ్యేదాకా ఆగాడు. టేపు టక్కుమని ఆగగానే ఆమె కళ్ళు తెరిచి, పక్కన అతన్ని చూసి కంగారుపడి, "ఎప్పుడొచ్చావు నాయనా, నువ్వు చేసిందే వింటున్నాను, ఎంత బాగుందో," అంది.

అతను చెయ్యి చాచి ఆమె ఎడమచెవి మీద హెడ్‌ఫోన్ మెల్లిగా పక్కకి జరిపి, మొత్తం మళ్ళీ మొదటినుంచి చెప్పాడు.