రైలు రాని ఊళ్లో స్వాగతం పాట

మా నాన్న హోబర్ట్ స్టాంపర్ జర్మనీ యుద్ధం నుంచి తిరిగొచ్చి రైలు దిగిన రోజున, మా బొగ్గుగనుల ఊరు స్లేట్ ఫోర్క్‌లో ఇళ్లల్లో మనిషన్నవాడు లేడట. అందరూ స్టేషన్లోనే ఉన్నారట. బడి పిల్లల బ్యాండు, చర్చి ఆడవాళ్లు చేసిన ఎండు ఆపిల్ పొరల కేకులు, గనికి సెలవు. నాన్నని భుజాలమీద ఎక్కించుకుని కొండదాకా మోసుకెళ్లారట. అది ఆయన చెప్పగా చెప్పగా మాకు కంఠస్థమైపోయింది. వరండాలో గిటార్ పట్టుకుని ఆయన ఆ యుద్ధం పాటలే పాడేవాడు. వాటిల్లో సైనికుడు ఎప్పుడూ నవ్వుతూనే ఇంటికొచ్చేవాడు.

మేం ముగ్గురం. పెద్దన్నయ్య ఆర్విల్, చిన్నన్నయ్య క్లెల్, ఆఖరిదాన్ని నేను, ఓపల్. నాన్న గొంతు క్లెల్‌కి వచ్చింది. నాన్న మౌనం ఆర్విల్‌కి వచ్చింది. నాన్నకి మౌనమేమిటి అని మీరనుకోవచ్చు. పాట ఆపేశాక ఆయన మాట్లాడేది బహు తక్కువ.

ఆర్విల్ వియత్నాం నుంచి తిరిగొచ్చేనాటికి నేను హైస్కూల్లో ఉన్నాను. వస్తున్నట్టు కబురు లేదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వెనక గుమ్మం దగ్గర నిలబడి కనిపించాడు, భుజానికి సంచి.

"తినడానికి ఏమన్నా ఉందా, ఓపీ?" అన్నాడు.

చిక్కుడుగింజల కూర, మొక్కజొన్న రొట్టె పెట్టాను. నాన్న లోపలికొచ్చి, చాలాసేపు చూసి, "అయితే అయిపోయిందా?" అన్నాడు.

"నాకయిపోయింది. అక్కడింకా అవలేదు."

"మేం అవగొట్టే వచ్చాం," అన్నాడు నాన్న. పొడవాలని అన్న మాట కాదు. కానీ ఆర్విల్ చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. తర్వాత ఆ ఇద్దరూ యుద్ధం ఊసెత్తగా నేను వినలేదు.

ఆ సమయంలో క్లెల్ నాష్‌విల్‌లో ఉన్నాడు, పాటలు రాసి అమ్ముకోవాలని. అన్న వచ్చాడని వారం తర్వాత తెలిసింది. ఎలా వచ్చాడని నన్ను ఫోన్లో అడిగాడు. వెనక గుమ్మంలోంచి వచ్చాడని చెప్పాను.

కొన్నేళ్లకి క్లెల్ పాట ఒకటి రేడియోలో వచ్చింది. నాలుగు రాష్ట్రాల్లో, లారీవాళ్ల దగ్గర్నుంచి సారాకొట్టు దాకా, అందరి నోటా అదే.

*కూత పెట్టి రైలొచ్చె, కూడలంతా జనమొచ్చె,*
*అమ్మలక్కల కేకు తీపి ఆడుతు పాడుతు పంచె,*
*యుద్ధమెంత దూరమైన ఊరు మరచిపోలేదు,*
*ఆర్విలొచ్చె, ఆర్విలొచ్చె, అలసిన కొడుకొచ్చె.*

అది నాన్న స్వాగతం. కేకులు నాన్నవి, బ్యాండు నాన్నది, భుజాలు నాన్నవి. పేరు మాత్రం ఆర్విల్‌ది. ఆర్విల్ వచ్చేనాటికి మా ఊరికి జనమెక్కే రైలు ఆగిపోయి పదేళ్లు దాటింది. పట్టాల మీద బొగ్గు బండ్లే తిరిగేవి. ఆ సంగతి పాట విన్నవాడు ఒక్కడూ తలచుకోలేదు.

"ఏంట్రా ఇది?" అని ఆర్విల్ క్లెల్‌ని ఒక్కసారే అడిగాడు.

"వాళ్లు నీకివ్వనిది నేనిచ్చానన్నయ్యా. పాటలోనైనా ఉండనీ."

ఆర్విల్ టోపీ పెట్టుకుని గనికి పోయాడు. అప్పటికి అతనికి పెళ్లయి కూతురు పుట్టింది, టోన్యా. భార్య ఎంతోకాలం ఉండలేదు. నిద్రలో అరిచే మనిషి పక్కన ఎన్నాళ్లుంటుంది, ఆమెను తప్పుపట్టను. టోన్యా సగం అతని దగ్గర, సగం నా దగ్గర పెరిగింది. బడిలో పిల్లలు "పాటలో ఆర్విల్ కూతురు" అనేవాళ్లు. దానికి అది గొప్పగానే ఉండేది, ఊహ తెలిసేదాకా.

హైస్కూలవగానే టోన్యా సైన్యంలో చేరింది. గని ఆడపిల్లలకి పని ఇవ్వదు, బట్టల కొట్టు మూతపడింది, ఇంకేముంది. లారీ తోలేదాన్ని చేశారు. గల్ఫ్ యుద్ధమొస్తే ఆ ఎడారికి పంపారు. ఆర్విల్ టీవీ కట్టేసి కూర్చునేవాడు. ఎవరన్నా వచ్చి పెడితే లేచి వెళ్లిపోయేవాడు.

ఆ యుద్ధం తొందరగా ముగిసింది. మా చుట్టుపక్కల కొండల నుంచి వెళ్లినవాళ్లు వసంతంలో తిరిగొస్తున్నారని తెలియగానే స్లేట్ ఫోర్క్‌కి పూనకం వచ్చింది. యుద్ధానికెళ్లినవాళ్ల కోసం కట్టే పసుపు రిబ్బను స్తంభస్తంభానికీ. కోర్టు మెట్లమీద వేదిక. ఊరేగింపులో ముందు కారులో టోన్యా, దాని పక్కన ఆర్విల్, వేదికమీద క్లెల్ ఆ పాట పాడాలి. మేయరుగారు స్వయంగా వచ్చి అడిగారు.

క్లెల్ ముందురోజు మధ్యాహ్నమే దిగాడు. గిటార్ పెట్టె తెరవకుండా ఆర్విల్ వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాడు. నేను బంగాళాదుంపలు తరుగుతున్నాను.

"అన్నయ్యా, కొత్త పాట కట్టాను. నీదే. ఈసారి నిజం."

"నిజమా? నీకెవరు చెప్పారు?"

"ఓపల్ కొంత చెప్పింది. మిగతాది ఊహించాను."

"కానియ్, విందాం."

క్లెల్ మెల్లిగా పాడాడు. నేను కత్తి కింద పెట్టేశాను.

*వానలోన బస్సు దిగి ఒంటరిగా నడిచినాడు,*
*తెరవలేదు ఒక్క తలుపు, తడిసిపోయె టోపీ,*
*ఎవరివాడొ ఏమొ అనుచు ఎదురు కుక్క మొరిగింది,*
*తండ్రి దిగిన ఊరిలోన తనయునికి చీకటి.*

పాటయ్యాక ఆర్విల్ కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"బాగుంది," అన్నాడు. "ఒక్కటే తప్పు. వాన లేదు."

"ఏంటీ?"

"ఆ రోజు వాన లేదురా."

"ఏడుపు పాటంటే వాన ఉండాలి కదన్నయ్యా. జనానికి..."

"బంగారంలాంటి ఎండ. శనివారం. బస్సు ఎక్కడాగుతుంది? పెట్రోలు బంకు దగ్గర. ఎదురుగా ఏముంది? బేస్‌బాల్ మైదానం. ఆ రోజు మనవాళ్లకీ నది అవతలివాళ్లకీ ఆట. ఊరంతా అక్కడే కూర్చుంది. మెట్లు మెట్లుగా, నిండా." అతను నా వైపు చూడలేదు, క్లెల్ వైపూ చూడలేదు. "నేను దిగాను. అందరూ ఇటు తిరిగారు. నేను టోపీ తీశాను. ఎవరన్నా చెయ్యి ఊపుతారేమోనని కాస్త ఆగాను కూడా. ఈలోగా ఎవడో బంతి కొట్టాడు. అందరూ అటు తిరిగారు."

"అన్నయ్యా."

"కురిసుంటే బాగుండేది. వానకి ఎవరూ రాలేదనుకునేవాణ్ణి."

పొయ్యిమీద నూనె పొగ వస్తుంటే నేను లేచి ఆపాను. క్లెల్ ముఖం చేతుల్లో పెట్టుకున్నాడు. తర్వాత తలెత్తి, "రేపు ఇదే పాడతాను. వాన తీసేసి, నువ్వు చెప్పినట్టే పాడతాను. వినాలి వాళ్లు," అన్నాడు.

"ఒద్దు."

"ఇన్నేళ్లు అబద్ధం పాడాను. ఒక్కసారి..."

"రేపు నా బిడ్డ వస్తోందిరా. దాని కోసం ఊరంతా రోడ్డుమీదకొస్తోంది. నువ్వు ఈ పాటెత్తుకుంటే వాళ్లందరూ నేల చూపులు చూస్తారు. దానికి దక్కాల్సింది కూడా సిగ్గులో కొట్టుకుపోతుంది. పాతదే పాడు. బాగా పాడు."

మర్నాడు ఎండ కాసింది. పై కప్పు లేని తెల్ల కారులో తండ్రీకూతుళ్లని కూర్చోబెట్టారు. వెనక బడి బ్యాండు, ఆ వెనక యుద్ధం నుంచి వచ్చిన మిగతా కుర్రాళ్లు. అరుపులకి చెవులు పడిపోయాయి. టోన్యా నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది. నేను పక్కనే నడుస్తున్నాను కాబట్టి కనిపించింది: రెండో చేత్తో అది వాళ్ల నాన్న వేళ్లు తెల్లబడేలా పట్టుకుంది. డప్పు మోగినప్పుడల్లా దాని మెడ బిగుసుకునేది.

వేదికమీద మేయరుగారు, "మన ఊరు మన సైనికుల్ని ఎప్పుడూ ఇలాగే గుండెలకి హత్తుకుంది. హోబర్ట్‌ని, ఆర్విల్‌ని, ఇవాళ టోన్యాని!" అన్నారు. చప్పట్లు. నాన్న అప్పటికి పోయి చాలాకాలమైంది. క్లెల్ పాట ఎత్తుకున్నాడు. జనం గొంతు కలిపారు. ముసలివాళ్లు కళ్లు తుడుచుకున్నారు. అబద్ధమని తెలిసిన నాకే ఒళ్లు జలదరించింది, అంత బాగా పాడాడు.

చర్చి హాల్లో భోజనాలు. అక్కడ బ్లెవిన్స్ పెద్దావిడ, నాన్న కాలంలో కేకులు చేసిన చర్చి ఆడవాళ్లలో ఒకావిడ, కర్ర ఊతగా ఆర్విల్ దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకుంది.

"గుర్తుందా నాయనా? నువ్వు రైలు దిగిన రోజున కేకు నేనే చేశాను. రెండు ముక్కలు తిన్నావు. మూడోది జేబులో పెట్టుకున్నావు, దొంగా!"

ఆవిడ కళ్లల్లో నీళ్లు. అబద్ధమాడటం లేదు. ఆవిడకి నిజంగానే గుర్తుంది.

ఆర్విల్ ఆవిడ చేతులు వదల్లేదు. "అవునమ్మా," అన్నాడు. "చాలా బాగుంది ఆ కేకు."

ఆవిడ అతని చెంప నిమిరి వెళ్లిపోయింది. అతను కుర్చీలో కూలబడ్డాడు. ఉన్న ఒక్క నిజమైన రోజునీ అతని చేతుల్లోంచి లాక్కున్నట్టయింది. ఆ రోజు ఎంత చేదుదైనా అతనిదే కదా.

టోన్యా ఎక్కడా కనిపించకపోతే నేనూ అన్నయ్యలిద్దరూ వెతుక్కుంటూ వెళ్లాం. హాలు వెనక చెత్త డబ్బాల దగ్గర వాంతి చేసుకుంటోంది. ఆర్విల్ జేబురుమాలిచ్చాడు.

"నవ్వీ నవ్వీ దవడలు పట్టేశాయి నాన్నా," అంది. "అందరూ ఒకటే అడుగుతున్నారు. ఇసుక వేడిగా ఉందా, ఒంటెల్ని చూశావా అని."

"ఏం చెప్పావ్?"

"చూశానన్నాను." మూతి తుడుచుకుంది. "నేనేం చేశానని ఇదంతా? లారీ తోలాను. చివర్లో బాంబులు పడ్డ ఆ రోడ్డుమీద... అక్కడ మేం లారీలోకి ఎక్కించినవి..." ఆగిపోయింది. "నువ్వు బస్సులో వచ్చావని అమ్మ ఎప్పుడో చెప్పింది. నీకు బాకీ పడ్డది తెచ్చి నాకిస్తున్నారు. ఇది నాది కాదు."

"ఎవరిదైతేనేం. తీసుకోవే తల్లీ."

అది అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. అడుగుతాడేమోనని. నాకు ఇప్పుడు తెలుస్తోంది, అడుగుతాడేమోననే. ఆర్విల్ దాని భుజంమీద చెయ్యి వేసి, "పద, లోపల వెతుకుతున్నారు," అన్నాడు.

వేసవి ముగియకుండానే టోన్యా ఒహాయో వెళ్లిపోయింది, కారు సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనికి. క్రిస్మస్‌కి వచ్చేది, మాట్లాడకుండా గిన్నెలు తోమి వెళ్లేది. ఫోన్లో వెనక ఎప్పుడూ టీవీ గట్టిగా మోగుతుండేది. ఒకసారి ముందు పోయే లారీ టైరు పేలితే తన కారు రోడ్డు పక్కన ఆపి, అరగంట స్టీరింగ్ వదల్లేదని దాని స్నేహితురాలు చెప్పింది.

ఆర్విల్‌ని బొగ్గు ధూళే తీసుకుపోయింది. చివరి నెలల్లో ఆక్సిజన్ గొట్టంతో కిటికీ పక్కన కూర్చునేవాడు. ఒకరోజు సూప్ తాగిస్తుంటే నా చెయ్యి ఆపాడు.

"అడగాల్సిందే ఓపీ."

"ఎవర్నన్నయ్యా?"

"టోన్యాని. ఆ చెత్త డబ్బాల దగ్గర. నన్నెవరూ అడగలేదు కదా, అడక్కపోవడమే మర్యాద అనుకున్నాను. నన్నడగలేదనే కదా నేను చచ్చింది." ఊపిరి అందక ఆగాడు. "దాని కళ్లు ఇంకా కనిపిస్తున్నాయి నాకు."

"ఫోన్ చేద్దామా?"

"ఫోన్లోనా," అన్నాడు. తల అడ్డంగా ఊపాడు. అది వచ్చేలోగా పోయాడు.

సమాధి దగ్గర ఆ పాట పాడమని ఊరు ఊరంతా క్లెల్‌ని అడిగింది. మాజీ సైనికుల సంఘం వాళ్లు మైకు కూడా తెచ్చారు. క్లెల్ మైకు ముందు నిలబడి, "ఈ పాట నేనింక పాడను. అది మా నాన్నది. ఇతనిది కాదు," అన్నాడు. జనం ముఖాలు చూసుకున్నారు. దుఃఖంలో మతిపోయిందనుకున్నారు. బ్లెవిన్స్ పెద్దావిడ మనవడు, "మా బామ్మని అబద్ధాలకోరంటున్నావా?" అని మీదకొచ్చాడు కూడా. పాస్టరుగారు అడ్డుపడి ప్రార్థన మొదలెట్టారు. ఊళ్లో కొందరు ఇప్పటికీ క్లెల్‌తో మాట్లాడరు. పాట మాత్రం రేడియోలో వస్తూనే ఉంది, కొత్త గొంతులు పాడుతున్నాయి.

అందరూ వెళ్లాక క్లెల్, టోన్యా, నేను ఇంటికొచ్చాం. టోన్యా వరండా మెట్లమీద కూర్చుంది, నల్ల కోటు విప్పకుండా. క్లెల్ వచ్చి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. గిటార్ లోపలే ఉంది. ఆర్విల్ నాతో అన్న మాట అతనికింకా చెప్పలేదు నేను. అతనంతట అతనే అడిగాడు.

"టోన్యా, ఆ రోడ్డుమీద ఏం జరిగిందే?"

అది అతనికేసి తిరిగింది.

"పాట కడతావా బాబాయ్?"

"కట్టను."

"ఒట్టు?"

"మీ నాన్న మీదొట్టు."

అది మొదలుపెట్టింది. ముందు లారీ నంబరు, తర్వాత దాని పక్కన కూర్చునే అమ్మాయి పేరు, పొద్దున ఏం తిన్నారో. అక్కడిదాకా విని నేను కాఫీ పెట్టడానికి లోపలికెళ్లాను. దోమల జాలీ తలుపు సందుల్లోంచి దాని గొంతు వస్తూనే ఉంది, ఒకే స్థాయిలో, ఆగకుండా. మధ్యలో క్లెల్ ఒక్కసారి "దేవుడా" అనడం వినిపించింది. కాఫీ చల్లారిపోయింది. మళ్లీ వేడిచేశాను, మళ్లీ చల్లారింది. బయటికి తీసుకెళ్లడానికి నాకు చేతులు రాలేదు. ఆ వాకిట్లో విన్న కొద్దిపాటి మాటలైనా ఇక్కడ రాయను.

క్లెల్ ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. టోన్యా ఆ రాత్రికి వెళ్లాల్సిన బస్సు వెళ్లనిచ్చి, నా మంచంమీద కోటుతోనే పడి నిద్రపోయింది. నిద్రలో రెండుసార్లు అరిచింది. నేను లేచి పక్కన కూర్చున్నాను.