మొహం కనపడేదాకా

ఇంకాస్త చింతపండు వేసి ఉంటే అంచు దగ్గర మిగిలిన ఆ సన్నటి నల్లగీత కూడా పోయేది, ఇండియా స్టోర్‌లో దొరికే ఈ చింతపండుకి పులుపే ఉండదు, అయినా ఉప్పు కలిపి అరగంట నానబెట్టి, స్టీల్ పీచుతో గుండ్రంగా, ఎప్పుడూ గుండ్రంగానే, అడ్డదిడ్డంగా తోమితే గీతలు పడతాయి, బొటనవేలు లోపలికి మడిచి అరచేతి బలమంతా పెట్టి తోమితే నలభై ఏళ్ల మసైనా రావలసిందే, వచ్చింది, బకెట్ నిండా నల్లటి నీళ్లు, నాలుగుసార్లు బాత్రూంకి మోసి పారబోశాను, కింద పరిచిన పేపర్లు కూడా చుట్టి చెత్తలో వేసేశాను, ఇప్పుడు సోఫాకి ఎదురుగా నా అంత ఎత్తున నిలబడి ఉంది ఆ బొమ్మ, సైకిల్ చైన్ల జుట్టు, టైరు ముక్కల పరికిణీ, స్పూన్ల వేళ్లు, అన్నీ ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి, వాటి జోలికి నేను పోలేదు, ఆ మొహం ఒక్కటే, మొహం అంటే మొహం కాదు, బోర్లించి బిగించిన సత్తు తపేలా అడుగు, గిన్నె మురికిగా ఉంటే తోముతారు, దీనికింత ఆలోచన ఎందుకు, పదిన్నరకి వస్తామంది నీహారిక, ఇప్పుడు పదీ పది.

నవరాత్రులు కదా, అంటాను విల్నేర్‌తో, మా ఇళ్లలో పండక్కి కుందులూ విగ్రహాలూ అన్నీ చింతపండుతో తోముకుంటాం, మీ అమ్మగారు దేవుడితో సమానం కదా, అందుకే దేవుడి సామాన్లతో పాటు ఆవిడనీ తోమాను, ఇట్స్ అవర్ కల్చర్, బావుంది, కల్చర్ అన్న మాట వింటే ఈ దేశంలో ఎవరూ నోరెత్తరు, చెప్పులిప్పి లోపలికి రమ్మంటే సారీ చెప్పి మరీ ఇప్పుతారు, విల్నేర్ అయితే అసలే మెత్తటి మనిషి, కిందటేడు హైతీలో భూకంపం వచ్చాక తమ్ముడి దగ్గరికని వచ్చి ఇక్కడే, జెర్సీ సిటీలోనే, మా టవర్ల నీడ కూడా పడని గ్రీన్‌విల్ వైపు, టైర్ల షాపు వెనక గరాజ్‌లో పాత ఇనుమూ డబ్బాలూ ముందేసుకుని బొమ్మలు చేస్తుంటాడు, వాళ్ల ఊళ్లోనూ అదే పనట, బీదవాడలో ఒక వీధి వీధంతా చెత్తలోంచి ఏరి బొమ్మలు చేసేవాళ్లేనట, నీహారిక కాలేజీ వాలంటీర్ పనంటూ మే నెలలో ఒకసారి వెళ్లింది, ఇక శనివారాలన్నీ అక్కడే, ఇరవై ఏళ్ల పిల్ల, గోళ్లనిండా గ్రీజు, ఇంట్లో కాఫీ కప్పు కడగమంటే డిష్‌వాషర్ ఉంది కదా అమ్మా అంటుంది, అక్కడ మాత్రం గంటలకొద్దీ కూర్చుని తుప్పు గీకుతుంది, ఈ నెలాఖరుకి ఆ గరాజ్ ఖాళీ చేయమన్నారని అతనికంటే ముందు దానికే కన్నీళ్లు, ఇవాళ పదకొండుకి మ్యూజియం నుంచి ఒకావిడ వచ్చి ఈ బొమ్మని చూస్తుంది, నచ్చితే విల్నేర్‌కి ఏడాదిపాటు పని చేసుకోవడానికి చోటిస్తారు, నచ్చకపోతే రోడ్డే, గరాజ్ రూఫ్ లీక్ అవుతోంది అమ్మా, వాన పడితే మసి కరిగిపోతది, వన్ వీక్ మనింట్లో పెడదాం, ప్లీజ్ అంది, సరే అన్నాను, సరే అన్నది నేనే, అందుకని ఎవరూ నన్ను పట్టుకుని రాక్షసి అనడానికి వీల్లేదు.

మసి కరిగిపోతుంది అని అది చెప్పింది, నేను విన్నాను, అయితే ఏమిటి, విన్నంత మాత్రాన గుర్తుంటుందా, ఆఫీసు, వంట, కృష్ణమోహన్ డాలస్‌లో ప్రాజెక్ట్ అంటూ నెలకోసారి వచ్చే మొగుడు, నూట ఎనిమిది పనుల్లో ఎవరి మసి ఎవరికి గుర్తుంటుంది, నాకేం తెలుసు అది మొహమని, అలా అంటే, కానీ మొదటిరోజు సాయంత్రం దాన్ని ఇక్కడ నిలబెట్టి దీపం పక్కకి జరిపినప్పుడు కనపడింది, నీహారికా విల్నేరూ ఇద్దరూ నా మొహం వైపే చూస్తున్నారు, తపేలా అడుగున పేరుకున్న మసిమీద మేకుతో గీశాడు, రంగు లేదు, చెక్కడం లేదు, మసి గీకిన చోట లోపలి సత్తు సన్నగా మెరుస్తూ కళ్లు, కళ్ల కింద ముడతలు, ఒక పక్కకి వంకరపోయిన నోరు, నవ్వబోయి ఎవరో పిలిస్తే ఆగిపోయినట్టు, అది వాళ్లమ్మ వండిన తపేలాయేనట, కట్టెలో, బొగ్గులో, ఏది దొరికితే దానిమీద నలభై ఏళ్లు వండిన మసి, ఇల్లు కూలినప్పుడు ఆవిడ పోయింది, తపేలా దొరికింది, మనిషిని అందరితో పాటు ఎక్కడో ఒకే గుంటలో పూడ్చేశారు, ఫోటో ఒక్కటంటే ఒక్కటి లేదు, అందుకని గుర్తున్నంతా ఒకేసారి, ఒక్క మధ్యాహ్నంలో గీసేశాడట, మళ్లీ గీయమంటే రాదట, మసి నిలిచేలా పైన ఏదైనా పూయొచ్చు కదా అని నేనే అడిగాను, పూస్తే దాని వాసన వస్తుంది మేడమ్, ఇప్పుడు మా అమ్మ పొయ్యి వాసన వస్తోంది అన్నాడు, నేను ముక్కు దగ్గరగా పెట్టి చూశాను, వచ్చింది, నాకు ఆ వాసన తెలుసు, జెర్సీ సిటీలో ఇరవై రెండో అంతస్తులో, ఏసీ గదిలో, ఆ వాసన నా చీర కొంగులోంచి వచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేశాను.

అయినా అప్పుడు తోమలేదే, వారం రోజులు దాని ఎదుటే టీవీ చూశాను, దాని ఎదుటే అన్నం తిన్నాను, నిన్నటిదాకా ఏమీ చేయలేదు, నిన్న పేరంటానికి పిలవకపోయినా బాగుండేది, బొమ్మల కొలువు పెట్టి శుక్రవారం నాడు ఎనిమిదిమందిని పిలిచాను, వచ్చీ రావడంతోనే లలిత, ఫ్రీమాంట్‌లో రెండో ఇల్లు కొన్న దగ్గర్నుంచి ఆవిడ గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది, ఏంటి విజయా ఇది, కొలువు పక్కన దిష్టిబొమ్మని పెట్టావు, అచ్చం అంట్లు తోమే పనిమనిషిలా ఉంది అంది, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నేనే ముందు నవ్వానేమో, అప్పుడు నీహారిక, పట్టు లంగాలో శనగలు పంచుతున్నదల్లా ఆగి, అవును ఆంటీ, మిస్టర్ విల్నేర్ మదర్ రిచ్ పీపుల్ ఇళ్లలో డిషెస్ వాష్ చేసేది, షీ ఈజ్ బ్యూటిఫుల్ అంది, అక్కడితో ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు, మా అమ్మమ్మ ఎలా ఉంటదో నాకు తెలీదు, ఒక్క ఫోటో కూడా లేదు, అమ్మమ్మ వాడిన గిన్నె ఏదైనా ఉంటే అమ్మమ్మని కూడా చేస్తా అన్నారు మిస్టర్ విల్నేర్, ఉందా అమ్మా, అని ఎనిమిదిమంది ముందు అడిగింది, లలిత కళ్లు నా వైపు తిరిగాయి, రైసు మిల్లు వాళ్లింట్లో వెండి గిన్నెలే కదే వాడేది, ఆ మసి బొమ్మలు చేయించుకునే ఖర్మ మీకేంటి అంది.

వెండి గిన్నెలే, అవును, రైసు మిల్లు ప్రసాదరావుగారింట్లో వెండి గిన్నెలే, ప్లీడరుగారింట్లో ఇత్తడి, గోడౌన్ వీధిలో రెండిళ్లలో సత్తు, నాలుగిళ్లూ తోమేది మా అమ్మ, శేషమ్మ, ఏలూరులో, నా తొమ్మిదో ఏట నుంచి బడికి వెళ్లే ముందు రెండిళ్లు నేనూ తోమాను, కొబ్బరి పీచు, బూడిద, ఇటుక పొడి, చలికాలం వేళ్ల సందులు పగిలి చింతపండు రసం తగిలితే ప్రాణం పోయేది, ప్లీడరుగారి భార్య తోమిన గిన్నెని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేది, మొహం కనపడాలే, నీ మొహం నీకు కనపడేదాకా తోమాలి, అనేది, కనపడకపోతే కాలితో వెనక్కి తోసేది, ఎంత దూరం తోసేదో, గచ్చు మీద ఆ చప్పుడు, నీహారికకు నేను చెప్పిన అమ్మమ్మ పేరు అన్నపూర్ణ, రైసు మిల్లు, పట్టుచీరలు, నా చిన్నప్పుడే పోయింది, ఫోటోలు తుఫానులో పోయాయి, ఇరవై ఏళ్లుగా చెప్పి చెప్పి ఆ అన్నపూర్ణకి ఒక గొంతు కూడా వచ్చేసింది నాకు, ఇప్పుడీ విల్నేర్, చెత్తలోంచి మనుషుల్ని తీసేవాడు, మా అమ్మని కూడా తీస్తాడట, ఎవడు తీయమన్నాడు, ఎంత దయ, ఎవరూ అడగని దయ, అసహ్యం వేసింది నాకు, ఇవాళ పొద్దున్న నీహారిక అతన్ని తీసుకురావడానికి వెళ్లీ వెళ్లగానే చింతపండు నానబోశాను, అరగంట నానింది, అరగంట అంటే తక్కువేం కాదు, మనసు మార్చుకోవాలనుకునే మనిషికి చాలా ఎక్కువ, నేను ఆ అరగంటా కాఫీ తాగాను, తర్వాత ముందు ఆ నోటి మీద పెట్టాను పీచు.

బెల్లు మోగింది, పదీ ఇరవై ఐదు, నీహారిక దగ్గర తాళంచెవి ఉన్నా చేతిలో ఏదో ఉన్నట్టుంది, తలుపు తీస్తే పూలు, విల్నేర్ నాకోసం పూలు తెచ్చాడు, ఇస్త్రీ చేసిన తెల్ల షర్టు, బూట్లు గుమ్మంలోనే విప్పేసి లోపలికి వచ్చాడు, నీహారిక ముందు చూసింది, అమ్మా, వాట్ డిడ్ యూ డూ, అంది, నేను నవరాత్రులు, చింతపండు, దేవుడితో సమానం, అనుకున్నవన్నీ అనుకున్నట్టే చెప్పాను, ఒక్క మాట తడబడలేదు, అతను పూలు బల్ల మీద పెట్టి, దగ్గరికి వెళ్లి, ఆ తెల్లటి తపేలా మీద ఎక్కడా చెయ్యి వేయకుండా చాలాసేపు చూశాడు, ఆ నీళ్లు ఏం చేశారు మేడమ్ అని అడిగాడు, పారబోశాను అన్నాను, సరే అన్నాడు, అరిచి ఉంటే బాగుండేది, తిట్టి ఉంటే నేనూ తిట్టేదాన్ని, నా దగ్గర బోలెడు మాటలున్నాయి, నీహారికతో ఆ మ్యూజియం ఆవిడకి ఫోన్ చేసి రావద్దని చెప్పమ్మా అన్నాడు, అది ఫోన్ తీసింది, అతను నా వైపు తిరిగి, నా చేతులు చూశాడు, పగిలిన బొటనవేలి పక్క, గోళ్లలో దిగిన నలుపు, మా అమ్మ ఇంత బాగా తోమేది మేడమ్ అన్నాడు, ఎక్కడా గీత పడకుండా, ఇది ఇంట్లో సొంత గిన్నెలు తోముకునేవాళ్ల చెయ్యి కాదు, నాలుగిళ్లు తోమితే తప్ప రాదు, మీకు ఎవరు నేర్పారు, అని అడిగాడు, వెటకారం లేదు, కోపం లేదు, నాకు తెలుసు, నేను వెతికాను, ఎంత వెతికినా దొరకలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు, నీహారిక నా వైపే చూస్తోంది, దాని చేతిలో ఫోన్ వెలుగుతోంది, ఒక్క మాట, రెండక్షరాలు, చెప్పేస్తే అయిపోతుంది, నోటిదాకా వచ్చింది, మా ఇంట్లో శేషమ్మ అని ఒక పనిమనిషి ఉండేది, అన్నాను, తను తోముతుంటే చూసి నేర్చుకున్నాను.

ఈ మాట నేను ఇంతకుముందే అన్నాను, అచ్చంగా ఇదే మాట, గుంటూరు ఉమెన్స్ హాస్టల్ గేటు దగ్గర, పంతొమ్మిదేళ్లు నాకు, స్కాలర్‌షిప్ మీద చదువుతూ రైసు మిల్లు వాళ్లమ్మాయిగా తిరుగుతున్నాను, మా అమ్మ ఏలూరు నుంచి బస్సులో సున్నుండల డబ్బా పట్టుకుని వచ్చింది, చెప్పకుండా వచ్చింది, పక్కనున్న అమ్మాయి ఎవరే అని అడిగితే, మా ఇంట్లో పనిమనిషి అన్నాను, అమ్మ విన్నది, రెండు గజాల దూరంలో నిలబడి విన్నది, ఒక్క క్షణం కూడా ఆలస్యం చేయలేదు, తల వంచి, అమ్మగారు పంపించారండి అమ్మాయిగారూ, అని డబ్బా నా చేతిలో పెట్టి, నోరు ఒక పక్కకి పెట్టి, నవ్వబోయి ఆగి, వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడిచింది, ఆ ఎండాకాలమే పోయింది, నా అబద్ధాన్ని నాకంటే బాగా ఆడి వెళ్లిపోయింది, ఇప్పుడు ఇక్కడ ఆడేవాళ్లెవరూ లేరు, విల్నేర్ మెల్లగా తలూపి, ఆ శేషమ్మగారు గొప్ప పనిమంతురాలు మేడమ్ అంటున్నాడు, నీహారిక, శేషమ్మ ఎవరు అమ్మా, ఎప్పుడూ చెప్పలేదే, అంటోంది, నేను దాని కళ్లలోకి చూడలేక ఎదురుగా చూశాను, తపేలా అడుగున, మసి వదిలిన చోట, ప్లీడరుగారి భార్య కూడా వంక పెట్టలేనంత స్పష్టంగా మొహం కనపడుతోంది, నలభై ఎనిమిదేళ్ల నా మొహం, అదే వయసులో గేటు దగ్గర నిలబడ్డ అమ్మ మొహం, నేను తోమింది వాళ్లమ్మని కాదు, తెలియక తోమలేదు, అది మొహమని తెలిసే, అది ఎవరి మొహమో తెలిసే తోమాను.